అట్టడుగు వరుసలోని అంకె

చి. శ్రావణికి,

పైవాళ్ల ముందు నీ ప్రెజెంటేషన్ దగ్గర పడుతోందనీ, గొంతు వణక్కుండా మాట్లాడడం ఎలాగో చెప్పమనీ రాశావు. గొంతు సాధనతో అదే దారికొస్తుంది. నేను చెప్పదలచింది వేరు. వినేవాళ్ల నిర్ణయాన్ని మార్చగల సంగతి ఏదో ముందు తేల్చుకో. అది నీ ప్రతిపాదనకు అడ్డొచ్చేదైనా సరే, అన్నిటికన్నా పైన పెట్టు. ఎదుటివాళ్లు ఒప్పుకోవడం అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక కల్పనా చావ్లాతో సహా ఏడుగురితో కక్ష్యలో తిరుగుతుండగా, కింద ఒక ప్రెజెంటేషన్ జరిగింది. పైకెగిరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదమా కాదా తేల్చాలి. ఉష్ణకవచం పలకల గురించి బోయింగ్ ఇంజనీర్లు చూపిన ఒక స్లయిడు శీర్షిక చదివితే, పాత పరీక్షల ఫలితాలు భరోసా ఇస్తున్నాయనే అనిపిస్తుంది. అదే స్లయిడు అట్టడుగున మాత్రం, ఊడిన ముక్క 1,920 క్యూబిక్ అంగుళాలనీ, పరీక్షల్లో వాడినది 3 మాత్రమేననీ ఉంది. 640 రెట్లు! ఆ పరీక్షల మీద ఆధారపడి ధైర్యంగా ఏమీ చెప్పలేమన్నమాట. ఎవరూ అబద్ధమాడలేదు, అంకెను దాచలేదు. పెట్టిన చోటు వల్ల అది పడాల్సినట్టు కంటపడలేదు. ఫిబ్రవరి 1న నౌక తిరిగొస్తూ ముక్కలైంది. దర్యాప్తు సంఘం నివేదికలో, సమాచారాన్ని కంటికి కట్టేలా చూపడంలో నిపుణుడైన ఎడ్వర్డ్ టఫ్టీ విశ్లేషణ ఆధారంగా, ఈ ఒక్క స్లయిడు గురించి ప్రత్యేకంగా రాశారు.

తప్పంతా అధికారులదైతే స్లయిడును ఆడిపోసుకోవడమెందుకంటావేమో. నిజమే, ఆ సంఘం కూడా నాసా పని సంస్కృతినే గట్టిగా తప్పుపట్టింది. రెక్కను ఫొటో తీయించమని ఇంజనీర్లు అడిగితే జరగనివ్వలేదు. శీర్షిక మార్చినంత మాత్రాన ఏడుగురూ బతికేవారని నేననను. కానీ ఆఫీసు సంస్కృతి నీ చేతిలో లేదు, శీర్షిక ఉంది.

ఇంకో సందేహం నీకు తప్పక వస్తుంది: అసలే చిన్నదాన్ని, లోపాలు నేనే బయటపెట్టుకుంటే తోసిపారేయరా? దానికి జవాబు ఇంకో వ్యోమనౌక కథలో ఉంది. 1986 జనవరి 27 రాత్రి ఛాలెంజర్ ప్రయోగం ఆపాలని, దాని బూస్టర్లు తయారుచేసిన థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు పట్టుబట్టారు. 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 12 సెల్సియస్ కన్నా చలిగా ఉంటే బూస్టర్ అతుకుల్లోని రబ్బరు రింగులను నమ్మలేమన్నారు. సరైన మాటే. అయితే 75 డిగ్రీల్లో ఎగిరినప్పుడూ దెబ్బతిన్నాయి కదా అన్న ఎదురుప్రశ్నకు వాళ్ల చార్టుల్లో జవాబు దొరకలేదు. జవాబు ఉన్నది ఏ దెబ్బా తగలకుండా ముగిసిన ప్రయోగాల్లో, సరిగ్గా చార్టుల్లోకి ఎక్కనివాటిలో. ఛాలెంజర్ ప్రమాదం తర్వాత దర్యాప్తు చేసిన రోజర్స్ కమిషన్ అన్ని ప్రయోగాలనూ ఒకే పటం మీద పెట్టింది. 65 డిగ్రీల లోపు ఎగిరిన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి, ఆపైన అన్నిటిలో మూడే. (ఆ వివరాలన్నీ ఆ రాత్రి తమ చేతిలో లేవని ఇంజనీర్ రోజర్ బోజొలే తరవాత వాదించాడు. న్యాయమే, వాళ్లకు దొరికింది కొన్ని గంటలు. నీకు రోజులున్నాయి.) వాదానికి పనికిరావనిపించినవే దాన్ని నిలబెట్టేవి.

అందుకని మొదటి స్లయిడుకు ‘సర్వర్ల ఖర్చు తగ్గింపు ప్రతిపాదన’ లాంటి పేరు పెట్టకు. ‘ఈ మార్పుకు అనుమతి కావాలి. రెండు జట్లలో పనిచేసింది, పండగ రద్దీలో ఇంకా చూడలేదు’ అని రాయి. ఆ పండగ మాట వాళ్ల నోట వస్తే అది అభ్యంతరం, నీ నోట వస్తే తర్వాతి పరీక్షకు అనుమతి అడగడం. పైవాళ్లకు తీరిక లేదు, మొదటి స్లయిడు దాటి చూడరంటావా? అందుకే అది అక్కడుండాలి. అమెజాన్ పైస్థాయి సమావేశాల్లో 2004లో పవర్‌పాయింట్ మాని, పేజీలకొద్దీ వ్యాసం రాయించి అందరూ మౌనంగా చదవడం మొదలుపెట్టారు. మీ ఆఫీసులో అది సాగకపోవచ్చు. అయినా బుల్లెట్లు వేసేముందు విషయమంతా మామూలు వాక్యాల్లో ఒక పేజీ రాసుకో. ఎక్కడ ‘కాబట్టి’ అనలేకపోతున్నావో అక్కడ నీ కలం ఆగుతుంది, బుల్లెట్లయితే ఆగనివ్వవు.

మొదటి స్లయిడు రాశాక పంపు, చూస్తాను. రంగుల ఎంపికలోకి మాత్రం నన్ను లాగకు.

ఆశీస్సులతో,
మావయ్య