పట్టభద్ర విద్యలో తత్త్వశాస్త్రము

ప్రతి సంవత్సరము ప్రవేశముల వేళ ఆదోని, ఎమ్మిగనూరు పరిసర గ్రామముల నుండి వచ్చు విద్యార్థులు ఏ గ్రూపు తీసికొనవలెనని మమ్ము అడుగుచుందురు. ఒక సంవత్సరము ఎమ్మిగనూరు నేతకార్మికుని కుమారుడొకడు తత్త్వశాస్త్రము చదువవలెనని కోరెను. అతని తండ్రి మమ్ము రెండే ప్రశ్నలు వేసెను: "సార్, ఈ సదువుతో కూడు దొరుకుతాదా? ఈమాన్ నిలుస్తాదా?" మేము తడబడితిమి. ఆ బాలుడు కామర్సులో చేరెను. నాడు ఆ తండ్రికి చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

తత్త్వశాస్త్రమనగానే వైరాగ్యమని పలువురి తలంపు. డిగ్రీ తరగతులలో చదువునది అది కాదు. తర్కశాస్త్రము, నీతిశాస్త్రము, భారతీయ దర్శనములు, గ్రీకుల నాటి నుండి పాశ్చాత్య తత్త్వచరిత్ర, మతతత్త్వ విచారము - ఇవి సాధారణముగా ఆ పాఠ్యక్రమములోని ముఖ్య భాగములు.

మొదట తర్కమును చూతము. ఆదోని మార్కెట్ యార్డులో ఒకడు ఇట్లు వాదించెననుకొనుడు: "దిగుబడి పెరిగినచో పత్తి ధర పడును. నేడు ధర పడినది. కావున దిగుబడి పెరిగినది." వినుటకు ఈ వాదము సరిగానే తోచును. కాని మిల్లులు కొనుగోలు ఆపినను ధర పడును గదా! కారణమున్నచో కార్యము కలుగుననుట ఒకటి. కార్యము కనబడినది గనుక ఆ కారణమే ఉన్నదనుట మరియొకటి. ఈ భేదము నెరుగని రైతు యార్డులో మోసపోవును, ఓటరు ఎన్నికల సభలో మోసపోవును. పడుగులో తెగిన పోగును మగ్గము నడుపక మునుపే పట్టుకొనుట నేతగానికి తెలిసిన విద్య. వాదములో తెగిన పోగును పట్టుకొనుటయే తర్కవిద్య.

ఇది మనకు పరాయి విద్య కాదు. నైయాయికులు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అనుమాన వాక్యమును ఐదు అవయవములుగా విభజించిరి. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని దేశమంతట తర్కవిద్యార్థుల తొలి పాఠ్యగ్రంథము. మరియొకవైపు అరిస్టాటిల్ తర్కము అరబ్బీలో మంతిఖ్ అను పేరుతో వికసించి, దర్సె నిజామీ పాఠ్యక్రమము ద్వారా మన మదరసాలకు చేరెను. తెలుగును ఉర్దూను చదువు మన విద్యార్థికి ఈ రెండు వాకిళ్లును తెరచియే యున్నవి.

నీతిశాస్త్రము సంగతి చూతము. వానలు లేని యేట మన పశ్చిమ మండలముల కుటుంబములు గుంటూరు మిరప చేలకు వలసపోవును. బడిలోని పిల్లవాడును వెంట నడచును. ఈ తప్పు ఎవరిది? తండ్రిదా, పని యిచ్చిన రైతుదా, ప్రభుత్వమువారిదా, చూచుచు ఊరకుండు మనదా? జాలి ఈ ప్రశ్నను లేపగలదు గాని తేల్చలేదు. మంచిచెడ్డలకు మిల్ ఫలితమును, కాంట్ సంకల్పమును ప్రమాణముగా గైకొనిరి. నియ్యతును గూర్చి మన యిండ్లలో విను మాటకు కాంట్ విచారముతో గల పోలికను, భేదమును ఆ తరగతిలో తెలిసికొనవచ్చును.

ఇక ఈమాన్ ప్రశ్న. ఇమామ్ గజాలీ (1058-1111) తత్త్వవేత్తలను తీవ్రముగా ఖండించెను. అయినను వారి సిద్ధాంతములను వివరించు గ్రంథమును గూడ ఆయనయే రచించెను. తర్కము నెరుగనివాని పాండిత్యము నమ్మదగదని ఆయన మతము. కొర్దొవాలో ఖాజీ పదవి నిర్వహించిన ఇబ్నె రుష్ద్ (1126-1198) గజాలీ ఖండనమునకు ప్రతిఖండనము వ్రాసి, సత్యము సత్యమునకు విరోధి కాజాలదని వాదించెను. ఎవరి పక్షము వహింతురో విద్యార్థుల యిష్టము. కాని ఇద్దరును చదివియే వాదించిరి. చదువుకొన్నవానికి సందేహమే కలుగదని మేము చెప్పము. సందేహము కలిగినపుడు దానిని దాచుకొనక విచారించు శక్తి వానికి లభించునని మాత్రము చెప్పుదుము.

కూడు ప్రశ్నకును దాపరికము లేక జవాబీయవలెను. ఈ పట్టా చూపగానే ఉద్యోగమిచ్చు కార్యాలయమేదియు లేదు. న్యాయవాద వృత్తికి, పత్రికారచనకు, అధ్యాపకత్వమునకు ఇది గట్టి పునాది. సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో ఇది ఐచ్ఛిక విషయము. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా, హైదరాబాదు విశ్వవిద్యాలయములలో ఉన్నత విద్యకు తత్త్వశాస్త్ర శాఖలు కలవు. బీద విద్యార్థి దీనిని జీవనోపాధి చూపు మరియొక చదువుతో జతపరచుకొనుట వివేకమని మా అభిప్రాయము.

తిరుత్తణిలో తెలుగు కుటుంబమున 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రమును ఎంచుకొనుటకు పేదరికమే ఒక కారణము. పుస్తకములు కొనలేని స్థితిలో, ఆ కళాశాలలోనే చదివిన బంధువొకరు తమ తత్త్వశాస్త్ర పుస్తకములను ఆయనకిచ్చిరి. ఆయనయే తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడై (1931-1936), 1962లో రాష్ట్రపతి యయ్యెను. చేతికందిన నాలుగు పుస్తకములు ఆయన జీవితమునకు దారి చూపెను.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపము చిన్నది. తత్త్వశాస్త్ర గ్రూపును వెంటనే తెరువుమని కోరుట లేదు. గ్రంథాలయములో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల తత్త్వగ్రంథములకొక బీరువా, ఏ గ్రూపు విద్యార్థియైనను కూర్చుండదగిన తర్కపాఠమునకు వారమునకొక గంట - ఇవి చాలును. ఆ పాఠము చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము. రేపు మరియొక తండ్రి వచ్చి ఆ రెండు ప్రశ్నలే వేసినచో, మేము ఆయనను ఆ బీరువా వద్దకు తోడ్కొనిపోయి, అచ్చట కూర్చుండి మాటలాడుదుము.