సిరా చుక్క – అసలు వెల

తాళపత్ర గ్రంథాల కాలంలో లేఖకుడు ఘంటంతో ఆకుపై అక్షరాలను గీసేవాడు. దీపపు మసిని నూనెలో కలిపి, ఆకంతటా పూసి, వస్త్రంతో తుడిచేవాడు. గీతల్లో నిలిచిన మసి అక్షరంగా కనిపించేది. ఆ మసికి వెల కట్టవలసిన అవసరం ఉండేది కాదు. నేడు అక్షరం యంత్రం నుండి వెలువడుతోంది. ఆ యంత్రం ధర అందరికీ తెలుసు. అది తాగే సిరా వెల మాత్రం కొద్దిమందికే తెలుసు.

విజయవాడ రహదారి మీదుగా సూర్యాపేట, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చే విద్యార్థులకు ఎల్బీనగర్ మహానగర ముఖద్వారం. అక్కడి నుండి కొత్తపేట, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగర్ వస్తుంది. 2018 సెప్టెంబరు 24 నుండి ఈ దారిలో మెట్రో రైలు కూడా నడుస్తోంది. శిక్షణ కేంద్రాలు, వసతిగృహాలు, వాటి నడుమ జిరాక్స్ దుకాణాలు ఈ ప్రాంతపు నిత్యదృశ్యం. హాల్‌టికెట్టు మొదలు ప్రాజెక్టు నివేదిక వరకు ఇక్కడి విద్యార్థికి ముద్రణ తప్పదు. 'గదిలోనే ప్రింటర్ ఉంటే ఖర్చు తగ్గుతుంది కదా!' అని అతడు భావించడం సహజమే.

ఈ భావన ఎంతవరకు సరైనదో లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు ఇంక్‌జెట్ ప్రింటర్ ధర 3,500 రూపాయలనీ, కార్ట్రిడ్జ్ ధర 800 రూపాయలనీ, దానితో 160 పుటలు వస్తాయనీ అనుకొందాం. పుటకు సిరా ఖర్చు 5 రూపాయలు. రోజుకు 4 పుటల చొప్పున ఏడాదికి 1,460 పుటలు, అంటే 7,300 రూపాయలు. ఇది యంత్రం ధరకు రెట్టింపు కంటే ఎక్కువ. అవే పుటలను దుకాణంలో రెండేసి రూపాయలకు తీయిస్తే అయ్యేది 2,920 రూపాయలే. 'ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు' అని మన సామెత. ఇక్కడ ఏనుగు కంటే అంకుశమే ప్రియం! యంత్రాన్ని తక్కువ లాభానికి అమ్మి, సిరాతో ఆదాయం రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో ప్రసిద్ధమైన పద్ధతి.

కొన్న సిరా అంతా కాగితాన్ని చేరుతుందా అంటే, చేరదు. ఇంక్‌జెట్ యంత్రంలో సిరా వెలువడే రంధ్రాలు వెంట్రుక కంటే సన్ననివి. కొన్నాళ్లు వాడకపోతే వాటిలో సిరా ఎండిపోతుంది. అందుకే యంత్రం తనను తాను శుభ్రపరచుకొంటూ కొంత సిరాను లోపలి మెత్తలోకి వదిలివేస్తుంది. మూడు రంగులు ఒకే డబ్బాలో ఉన్నప్పుడు ఒక రంగు అయిపోతే, మిగిలిన రెండింటినీ పారవేయవలసి వస్తుంది. డబ్బాపై చెప్పే పుటల సంఖ్యను ఎడతెరిపి లేని ముద్రణలో లెక్కిస్తారు. వారానికొకసారి వాడేవారికి అన్ని పుటలు రాకపోవచ్చు. పై ఉదాహరణలో నాలుగో వంతు సిరా ఇలా వృథా అయితే మిగిలేవి 120 పుటలే. అప్పుడు పుట ఖర్చు 6 రూపాయల 67 పైసలకు చేరుతుంది.

ఖాళీ కార్ట్రిడ్జ్‌ను తిరిగి నింపుకొనే హక్కు ఎవరిది? ఈ వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 మే 30న ఇంప్రెషన్ ప్రొడక్ట్స్, లెక్స్‌మార్క్ సంస్థల వ్యాజ్యంలో, ఒకసారి అమ్మిన కార్ట్రిడ్జ్‌పై తయారీదారుకు పేటెంట్ అధికారం మిగలదని ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లకూ వర్తిస్తాయి. వాడిన డబ్బాను చెత్తకుండీలో వేయరాదు.

అలాగని సొంత యంత్రం ఎవరికీ తగదని కాదు. ఎక్కువగా ముద్రించేవారికి సీసాతో సిరా నింపుకొనే ట్యాంకు ప్రింటర్ మేలు. నల్లని అక్షరాలు మాత్రమే కావలసినవారికి లేజర్ ప్రింటర్ అనుకూలం. అందులోని టోనర్ పొడి కాబట్టి ఎండిపోదు. అప్పుడప్పుడు నాలుగు పుటలు కావలసినవారికి వీధిచివరి దుకాణమే ఉత్తమం.

వస్తువు ధర ఒక్కసారి చెల్లించేది. దాని వెల వాడినంతకాలం చెల్లించేది. ఇంటి నుండి తల్లిదండ్రులు పంపిన ప్రతి రూపాయి వెనుక వారి శ్రమ ఉంది. కొనబోయే ముందు 'ఎంత?' అని అడగడంతో ఆగక, 'పుటకు ఎంత?' అని అడగగలిగిన విద్యార్థి ఆ శ్రమను గౌరవించినవాడవుతాడు.

అర్థాలు: ఘంటం – తాటాకుపై రాసే ఇనుప సాధనం, అంకుశం – ఏనుగును అదుపుచేసే ఆయుధం, వ్యాజ్యం – దావా.

ప్రశ్నలు:
1. కొన్న సిరా అంతా కాగితాన్ని ఎందుకు చేరదు?
2. ధరకు, వెలకు రచయిత చూపిన భేదాన్ని వివరించండి.