ఇంటి నీటికి బొగ్గు వడపోత

హోసూరు, వేపనపల్లి ప్రాంతములలోని మన యిండ్లలో పలుచోట్ల రెండు విధములైన నీరు వాడుకలో నున్నది. ఒకటి పెరటి బోరునీరు. రెండవది హొగేనకల్లు వద్ద కావేరి నుండి తీసి, శుద్ధి చేసి, గొట్టముల ద్వారా కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు పంపబడు నీరు. ఈ పథకము 2013వ సంవత్సరములో ప్రారంభమైనది. భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చుగా నుండి, పిల్లల పండ్లు, పెద్దల యెముకలు చెడుచున్నవనియే గదా యింత వ్యయమునకోర్చి నదీజలమును రప్పించినది! అయినను కొందరు కుళాయినీరు మందువాసన కొట్టుచున్నదని దానిని గిన్నెలు తోముటకు విడిచి, రుచిగా నున్నదని బోరునీటినే త్రాగుచుందురు. ముక్కును, నాలుకను నమ్మినచో ఇచ్చట మోసపోక తప్పదు. ఫ్లోరైడునకు వాసన లేదు, రంగు లేదు.

ఆ మందువాసన క్లోరినుది. నీటిలోని సూక్ష్మజీవులను చంపుటకై దానిని కలుపుదురు. దారిలో మరల క్రిములు చేరకుండుటకు కుళాయి వద్ద సైతము లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాము క్లోరిను మిగిలి యుండవలెనని భారత ప్రమాణము. కావున వాసన యున్నదనగా కావలివాడు మేలుకొని యున్నాడని యర్థము. త్రాగుటకు ముందు ఆ వాసనను తీసివేయుటకు తగిన సాధనము ఉత్తేజిత బొగ్గు.

ఇది పొయ్యిలోని బొగ్గు కాదు. కొబ్బరిచిప్పల వంటి వానిని బొగ్గు చేసి, సుమారు 800 నుండి 1000 డిగ్రీల వేడిలో నీటియావిరిని సోకించినచో దానిలో కంటికి కనబడని రంధ్రములు కోట్లకొలది యేర్పడును. ఒక గ్రాము బొగ్గులోని ఆ రంధ్రముల గోడలను పరచి చూపగలిగినచో అది సుమారు వేయి చదరపు మీటర్లు వచ్చును. రంగును, వాసనను కలిగించు అనేక సేంద్రియ పదార్థములు ఈ గోడలకు అంటుకొని నిలిచిపోవును. దీనినే అధిశోషణమందురు. బొగ్గు ద్రావణముల రంగును హరించునని 1785లో రష్యాలో లోవిట్జ్ అను రసాయనజ్ఞుడు గుర్తించెను. క్లోరిను విషయమున మాత్రము జరుగునది వేరు. అది బొగ్గుతో రసాయనికముగా కలియబడి, వాసన లేని క్లోరైడుగా మారిపోవును.

విద్యార్థులు దీనిని ప్రయోగశాలలో చూడవచ్చును. ఒక గ్లాసు నీటిలో రెండు చుక్కల సిరాను, మరియొక గ్లాసులో చెంచాడు ఉప్పును కలుపుడు. రెండింటను ఉత్తేజిత బొగ్గుపొడి వేసి, బాగుగా కలియబెట్టి, కొంతసేపు నిలిపి, వడపోత కాగితముతో వడగట్టుడు. సిరా రంగు విరిగిపోవును. రెండవ గ్లాసులోని నీటిబొట్టును రేకుపై నుంచి కాచి చూచినచో ఉప్పు తెల్లగా నిలిచియే యుండును. కరగిన లవణములు బొగ్గునకు లొంగవు. సబ్బు నురుగు రానీయని కాఠిన్యము అట్లే దాటిపోవును. ఫ్లోరైడును అంతే. ఇంటికంతటికి వడపోత పెట్టించితిమి గనుక పిల్లల పండ్లకు భయము లేదని తలచు తలిదండ్రులు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెనని మా ప్రార్థన.

ఇక అమర్చు విధము. మొట్టమొదట చూడవలసినది వడపోతను కాదు, సంపును. వీథి కుళాయినీరును, బోరునీరును ఒకే సంపులో పడుచున్నచో వడపోత వలన మేలు కంటె కీడే యెక్కువ. వాసన పోవుటచే అందరును నిస్సంశయముగా త్రాగుదురు. ఫ్లోరైడు మాత్రము లోనికి పోవుచునే యుండును. బోరు గొట్టమును విడదీసి తోటకు, బట్టలుతుకుటకు వేరుగా మళ్ళింపవలెను.

వడపోతకు రెండు తావులు కలవు. సంపు నుండి మిద్దెమీది ట్యాంకునకు పోవు గొట్టమున పెట్టినచో మోటారు ఒత్తిడి చక్కగా నుండును. పనివారును దానినే సులభమందురు. కాని క్లోరిను అచ్చటనే పోవును. పిమ్మట ట్యాంకులో ఎండకు కాగుచు రెండు దినములు నిలుచు నీటికి కావలి యుండదు. ట్యాంకు దిగువ పెట్టుటయే మేలని మా అభిప్రాయము. దీనిలో చిక్కొకటి కలదు. మూడు మీటర్ల యెత్తున నున్న ట్యాంకు నీటికి చదరపు సెంటీమీటరునకు 0.3 కిలోగ్రాము ఒత్తిడియే యుండును. దట్టముగా కూర్చిన బొగ్గులో నీరు ప్రాకునే గాని పారదు. చిన్న ప్రెషరు పంపు చేర్పక తప్పదు. పాయిఖానాకు, తోటకు పోవు గొట్టములను వడపోతకు ముందే చీల్చినచో బొగ్గు వృథాగా అరుగదు.

నిమిషమునకు 15 లీటర్లు వాడు ఇంటికి 30 లీటర్ల బొగ్గు, అనగా తూకమునకు సుమారు 15 కిలోలు పట్టును. అప్పుడు లెక్కకు రెండు నిమిషములు నీటికి బొగ్గుతో సహవాసము దొరకును. మట్టిని, ఇసుకను ఆపుటకు ముందుగా వేరొక వడపోత యుండవలెను. బొగ్గు పోయునపుడు నడిమి గొట్టపు మూతిని టేపుతో మూయుడు. అడుగున గులకరాళ్ళు వేసి, పైన మూడవవంతునకు తక్కువ కాకుండ ఖాళీ విడువుడు. ఎదురు కడుగునపుడు బొగ్గు పైకి లేచుటకు ఆ చోటు కావలెను. నీరు నింపి ఒక దినము నానబెట్టినచో రంధ్రములలోని గాలి వెడలును. అటుపై టేపు తీసి, వాల్వు బిగించి, నీటిని క్రింది నుండి పైకి పారించి, నల్లని మసి పోవువరకు కాలువలోనికి విడువవలెను. మసినీరు లోపలి గొట్టములలోనికి పోరాదు.

లోనికి వచ్చు చోట ఒకటి, వెలుపలికి పోవు చోట ఒకటి, రెండింటిని దాటి పోవు అడ్డదారికి ఒకటి, ఇట్లు మూడు బాల్ వాల్వులు పెట్టించినచో మరమ్మతు నాడు ఇంటికి నీరు ఆగదు. బిగింపులకు యూనియన్లు వేయింపుడు. లేనిచో పాత్రను తీయదలచిన ప్రతిసారియు గొట్టమును కోయవలసి వచ్చును. వడపోతకు ముందొకటి, వెనుకనొకటి చిన్న కుళాయిలు కూడ ఉండవలెను. వీని ప్రయోజనము పరీక్షలో తెలియును. రెండు కుళాయిల నీటిని వేరువేరుగా పట్టి, కొంచెము పొటాషియము అయొడైడును, పలుచని గంజిని కలుపుడు. క్లోరిను తగినంత యున్నచో నీలిరంగు వచ్చును. ముందటి నీరు నీలమై, వెనుకటి నీరు తెల్లగా నున్నంతకాలము బొగ్గు పని చేయుచున్నది. రెండును నీలమైనచో బొగ్గును మార్చవలెను. వారమున కొకమారు ఎదురు కడుగుట వలన మురికి పోవునే గాని అయిపోయిన బొగ్గు మరల క్రొత్తది కాదు. ఊరికి పోయి పలుదినములకు వచ్చినపుడు, నిలిచిన నీటిలో క్రిములు పెరిగి యుండవచ్చును గనుక, కడిగిన పిదపనే త్రాగుడు. బొగ్గు వానిని చంపదు.

బోరునీరు తప్ప వేరు గతి లేని యిండ్ల మాట యేమి? ఈ బాధ మన తెలుగువారికి క్రొత్తది కాదు. భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించిరి. పటికతోను, సున్నముతోను ఫ్లోరైడును తీయు నాగపురపు పరిశోధన సంస్థవారి పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. ఉత్తేజిత అల్యూమినా, ఆర్వో యంత్రము కూడ దీనికి పనికివచ్చును. త్రాగుటకు, వంటకు వాడు నీటికి మాత్రమే ఇవి చాలును. కాచుట వలన లాభము లేదు. నీరు ఇగిరినకొలది ఫ్లోరైడు చిక్కబడును. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండవలెననియు, వేరు నీరు లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు ప్రమాణము. ఎనిమిదేండ్ల లోపు పిల్లలున్న యింటివారు, క్రొత్తపండ్లు లోపల రూపొందుచుండు కాలమది గనుక, వడపోత బేరమునకు పోకముందే సీసాడు బోరునీటిని తమిళనాడు నీటి సరఫరా, మురుగుపారుదల బోర్డువారి జిల్లా పరీక్షశాలకు పంపి, ఫ్లోరైడు అంకెను వ్రాయించుకొని రావలెను.