పటమును పట్టీలుగా విభజించుట

విద్యార్థులారా, భాగహారము చేసినపుడు లబ్ధము, శేషము అను రెండు ఫలములు వచ్చునని మీరు చిన్న తరగతులలోనే నేర్చియున్నారు. లబ్ధమును గైకొని శేషమును మఱచుట మన వాడుక. ఆ రెంటికిని కంప్యూటరు చిత్రకళయందు గల ప్రయోజనమును ఇచట వివరింప దలచితిమి. ఇందు మా పొరపాటొకటి యున్నది. దానిని దాచక చెప్పెదము.

గత సంవత్సరము పదవ తరగతివారికి కొయ్యచారల పటము నొకదానిని ఇచ్చి, దానినుండి ఎనిమిది పలకలు పఱచిన నేలను తయారుచేయు డంటిమి. సాధనము బ్లెండరు. ఇది 2002వ సంవత్సరమునుండి మూలముతో సహా ఉచితముగా లభించుచున్నది. ఇందు నోడులను చిన్న పెట్టెలు గలవు. ఒక్కొక్క పెట్టె ఒక్క పని చేసి, ఫలితమును తీగవంటి గీత ద్వారా తరువాతి పెట్టెకు అందించును.

మేము నేర్పిన పద్ధతి యిది. అదే పటమును ఎనిమిది పెట్టెలలో పెట్టి, ఒక్కొక్కదానిని కొంచెము మీదికో క్రిందికో జరిపి, దాని పట్టీ తప్ప తక్కినదంతయు కప్పి, తుదకు అన్నిటిని కలుపుట. పలకలు వచ్చును, సందేహము లేదు. కాని ప్రతి చుక్కకును యంత్రము పటమును ఎనిమిది మారులు చూచి, ఏడింటిని పాఱవేయును. 1024 చుక్కల వెడల్పును అంతే ఎత్తును గల చిత్రమున 10,48,576 చుక్కలుండును. చుక్క కొకసారి లెక్కించినను చూపులు 83,88,608. అందు 73 లక్షలకు పైగా వ్యర్థము. మా గదిలోని పాత యంత్రములు ఈ భారమునకు నిలిచిపోయెడివి. ఎనిమిదికి బదులు పండ్రెండు పలకలు కావలెనన్నచో పెట్టెలను పెంచి, హద్దులన్నియు మరల దిద్దవలెను.

ఒక బాలిక తెచ్చిన పనిలో పటపు పెట్టె ఒక్కటే యుండెను. దానికి ముందు కొన్ని లెక్కల పెట్టెలు మాత్రమే. పని సగములో విడిచినదని తలచి పదింటికి మూడు మార్కులు వేసితిమి. "మాస్టరుగారూ, ఎనిమిది పలకలును వచ్చినవి గదండీ" అని ఆమె మెల్లగా అడిగినది. చెప్పిన పద్ధతి ఇది కాదని మందలించి పంపితిమి.

ఆమె పటమును కోయనేలేదు. "నీవు ఎన్నవ పట్టీలో నున్నావు?" అని ప్రతి చుక్కను అడిగినది. పటము ఎడమ అంచు 0, కుడి అంచు 1 అనుకొనుడు. చుక్క యొక్క అడ్డు స్థానమును సెపరేట్ ఎక్స్‌వైజడ్ పెట్టెతో విడదీసి, మల్టిప్లై పెట్టెలో 8చే గుణించినది. వచ్చినదానిని రెండు త్రోవలలో పంపినది. ఫ్లోర్ అను లెక్క పూర్ణాంకమును, ఫ్రాక్షన్ అను లెక్క మిగిలిన భిన్నమును ఇచ్చును. ఉదాహరణమునకు 1024 చుక్కల వెడల్పున పట్టీ ఒక్కటి 128 చుక్కలు. 700వ స్థానమును 128చే భాగింపుడు. లబ్ధము 5, శేషము 60. సున్న మొదలు లెక్కించుటచే అది ఆఱవ పలక. ఆ పలకలో 60 చుక్కలు లోపలికి వచ్చితిమి.

లబ్ధమును వైట్ నాయిస్ పెట్టెకు, దానిని 1డి అను అమరికలో నుంచి, పంపవలెను. అది 0కును 1కిని నడుమ ఒక సంఖ్యను ఇచ్చును. ఒకే లబ్ధమునకు ఎప్పుడును ఒకే సంఖ్య వచ్చును గనుక పలకయంతయు కలిసి జరుగును. ఆ సంఖ్యను నిలువు స్థానమునకు కూడి, అడ్డు స్థానముతో మరల జతపఱచి, ఇమేజ్ టెక్స్చర్ పెట్టెకు ఇచ్చినచో పని ముగిసినది. స్థానము 1 దాటినపుడు, రిపీట్ అను అమరిక యున్నచో, పటము మరల క్రిందనుండి మొదలగును. కావున పై అంచును క్రింది అంచును అతుకు తెలియక కలియు పటమునే ఎన్నుకొనవలెను.

శేషమును ఆమె పాఱవేయలేదు. భిన్నము 0.03 కంటె తక్కువైన చోట్ల లెస్ దాన్ లెక్కతో నలుపు పూసినది. పలకల నడుమ సుమారు నాలుగు చుక్కల సందు ఏర్పడినది. మా పద్ధతిలో ఈ సందులకు వేఱుగా ఏడు గీతలు గీయవలసి యుండెను.

ఒక జాగ్రత్త. ఫ్లోర్‌కు బదులు ట్రంకేట్ వాడరాదు. వస్తువు నడుమ సున్న యున్నపుడు ఎడమవైపు స్థానములు ఋణసంఖ్యలగును. -0.4ను ఫ్లోర్ -1గా చేయును, ట్రంకేట్ 0గా చేయును. అపుడు సున్నకు ఇరువైపుల పలకలు కలిసిపోయి, నడిమి పలక రెట్టింపు వెడల్పగును. మేమును మొదట ఇందులో చిక్కుపడితిమి.

పండ్రెండు పలకలు కావలెనన్న 8ని 12గా మార్చిన చాలును. 1024ను 12చే భాగించిన 4 శేషించును గాన కొన్ని పలకలు 85, కొన్ని 86 చుక్కలుండును. నేలపై ఎవరికిని కనబడదు. సన్నని గళ్ల బట్టను చిత్రించుచో కనబడును. అపుడు 8, 16 వంటి సంఖ్యలే మేలు.

జూన్ నెలలో కొత్త పాఠము సిద్ధపఱచుచు ఆమె ఫైలును తెఱచి, పై లెక్కను కాగితముపై వేసి చూచితిమి. అంతకుముందు చూడలేదు. ఆమె అప్పటికి పాఠశాల విడిచియుండెను. రిజిస్టరులో మూడును కొట్టివేసి పది వ్రాసి, ఆమె తండ్రిగారికి ఉత్తరము వ్రాసితిమి. ఆ ఫైలు కంప్యూటరు గదిలో కిటికీ ప్రక్కనున్న యంత్రమున నున్నది. ఈ సంవత్సరము ఆ పాఠమును దానిని చూపియే చెప్పుచున్నాము.