పత్తిచేని మందు - కడుపులోని బిడ్డ

పురుగుమందు అనగానే వరంగల్లు ప్రాంతపు పత్తి గ్రామములలో అందరికిని స్ఫురించునది ఆసుపత్రి పాలైనవారి గాథయే. 1997 మొదలు 2002 వరకు వరంగల్లు ప్రభుత్వ వైద్యశాలలో పురుగుమందు విషముతో 8,040 మంది చేరిరి. వారిలో నూటికి ఇరువది ఇద్దరికి పైగా మరణించిరి. ఇది కంటికి కనబడు నష్టము. కనబడని మరియొక నష్టమును గూర్చి పంచాయతీ సభ్యులకు విన్నవింపదలచితిమి.

శిశువు రెండు మాసములకు తల్లి మోము చూచి నవ్వును. క్రమముగా తనవారెవరో, పరులెవరో గుర్తించును. ఏడాది నిండునప్పటికి పేరు పెట్టి పిలిచిన తిరిగి చూచును, కావలసినదానిని వ్రేలితో చూపును. ఇవి ముద్దుముచ్చటలు మాత్రమే కావు. పదిమందిలో మెలగుటకు బిడ్డ మెదడు సిద్ధమగుచున్నదనుటకు గుర్తులు. ఆ మెదడు రూపొందుట గర్భము నిలిచిన మూడు నాలుగు వారములకే ఆరంభమగును. గర్భవతినని స్త్రీకి రూఢిగా తెలియకముందే యన్నమాట.

క్లోరోపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి మందులు పురుగు నరముల పనిని చెడగొట్టి దానిని చంపును. మన నరములలోను అదే రసాయనిక ప్రక్రియ కలదు. చర్మము ద్వారా, శ్వాస ద్వారా తల్లిలోనికి పోయిన మందు మాయను దాటి బిడ్డను చేరును. విషమును విరుచు శక్తి పెద్దలకున్నంత గర్భస్థ శిశువునకు లేదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు సాలినాస్ లోయలో పొలము కూలీల కుటుంబములలోని గర్భిణులను 1999, 2000 సంవత్సరములలో నమోదు చేసికొని, వారి బిడ్డలను ఏండ్ల తరబడి పరిశీలించిరి. తల్లి మూత్రములో ఈ జాతి మందుల అవశేషములు హెచ్చుగా నున్నచోట, రెండేండ్ల బిడ్డలలో ఇతరులతో కలియుటకు ఇబ్బందిని సూచించు లక్షణములు హెచ్చుగా కానవచ్చెను. ఏడేండ్లకు బుద్ధి పరీక్షలలోను వారు వెనుకబడిరి. మన దేశములో గ్రీన్‌పీస్ సంస్థ వరంగల్లుతో సహా పలు పత్తి జిల్లాల పిల్లలను పరిశీలించి, మందుల వాడుక హెచ్చుగానున్న గ్రామములవారు జ్ఞాపకశక్తి మున్నగు పరీక్షలలో వెనుకబడిరని ప్రకటించినది. అయితే గర్భములో సోకినదెంత, పుట్టిన పిదప సోకినదెంత అని దానినుండి తేల్చుటకు వీలులేదు. మందు సోకిన ప్రతి బిడ్డకును లోపము కలుగుననియు భయపడరాదు. తల్లి రక్తహీనత, ఆహారలోపము కూడ బిడ్డ మెదడుపై పనిచేయును.

గర్భిణి మందు కొట్టదు గదా యని కొందరందురు. నిజమే, పంపు వీపున మోయునది మగవాడే. కాని మందు కలుపుటకు నీరు మోయునదెవరు? మరునాడు అదే చేనిలో కలుపు తీయునదెవరు? మందుతో తడిసిన చొక్కాను ఇంటిల్లిపాది బట్టలతో ఉతుకునదెవరు? ఖాళీ డబ్బాను కడిగి వంటయింట వాడుకొను ఇండ్లను మేమెరుగుదుము.

ఇందులో పంచాయతీకి చేతనైన పని చాల కలదు. ఏనాడు ఎవరి చేనిలో మందు కొట్టుదురో ముందుగా చాటింపు వేయించవచ్చును. డబ్బాపై తెలిపిన గడువు తీరువరకు, గడువు తెలియనిచో కొన్ని దినములు, గర్భిణులను ఆ చేనిలో పనికి పిలువరాదని గ్రామసభలో తీర్మానింపవచ్చును. చెరువునను బావి గట్టునను పంపులు కడుగుటను కట్టుదిట్టముగా మాన్పింపవలెను. డబ్బాలకు రంధ్రములు పొడిచి వేరుగా కూడబెట్టించుట మంచిది.

మందు లేక పంట యెట్లని అడుగువారు నేడు జనగామ జిల్లాలోనున్న ఎనబావికి పోయి చూడవచ్చును. లింగాల ఘనపురం మండలములోని ఈ చిన్న గ్రామమువారు మొదట పురుగుమందులను, తరువాత రసాయనిక ఎరువులను మానిరి. వేపకషాయము మొదలైనవానితో సేద్యము చేసిరి. ఈ మార్పునకు ఏండ్లు పట్టినది. స్వచ్ఛంద సంస్థల తోడ్పాటును లభించినది. ఒక్క తీర్మానముతో జరుగునది కాదు.

అంగన్‌వాడీ కార్యకర్తను పిలిపించి, ఏడాది నిండిన బిడ్డలలో పిలిచినను తిరిగి చూడనివారు, ముఖము చూచి నవ్వనివారు ఎవరైన కలరేమో విచారింపుడు. కారణమేదైనను, అట్టి బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చూపించి, వారి సలహాపై జిల్లా కేంద్రములోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. ఎంత చిన్నతనమున శిక్షణ ఆరంభించిన అంత గుణము కలుగును.