చేతి నరం, కంటి నరం

మా మనవరాలు కోయంబత్తూరులో జీవశాస్త్రం చదువుతోంది. సెలవులకు మదురై వచ్చినప్పుడల్లా "తాతా, నీ ఒంట్లోనే రెండు పాఠాలున్నాయి, రాసిపెట్టు" అని వెంటపడుతుంది. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు నలభై దాటాక కూడబలుక్కున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

1. చేతి నరానికి ఓపిక కావాలి.

1971. పీళమేడు దగ్గర ఒక మిల్లులో పత్తి బేళ్ళు విప్పే పని నాది. బేలుకు బిగించిన ఇనపపట్టీ తెంచుతుంటే అది ఎగిరొచ్చి ఎడమ మణికట్టును కోసేసింది. గాయం మానింది గానీ చిటికెనవేలూ, దాని పక్కవేలిలో సగమూ మొద్దుబారాయి. వేడిగిన్నె పట్టుకుంటే బొబ్బ చూశాక తెలిసేది కాలిందని.

నరం కుట్టిన డాక్టరుగారు "రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు పాకుతుంది, తొందరపడకు" అన్నారు. నెలకోసారి వెళితే మణికట్టు దగ్గర మొదలుపెట్టి కిందికి, వేలికొసతో తట్టుకుంటూ వచ్చేవారు. ఒకచోట తట్టగానే చిటికెనవేలు జివ్వుమనేది, చీమలు పాకినట్టు. అక్కడ సిరాచుక్క పెట్టేవారు. పెరిగే నరం కొస అక్కడిదాకా వచ్చిందని గుర్తు. ప్రతి నెలా చుక్క కాస్త ముందుకు జరిగేది. ఏడో నెలలో ఒక పొద్దున కాఫీ టంబ్లరు చిటికెనవేలిని చురుక్కుమనిపించింది. కాలినందుకు అంత సంతోషపడ్డవాణ్ణి మా అమ్మ ఎప్పుడూ చూడలేదట.

2. పైకి కనపడేదాన్నిబట్టి నరం జాతి చెప్పలేం.

చేతికీ కాలికీ పోయే నరాలది ఒక జాతి, మెదడు, వెన్నుపాములది ఇంకొకటి. కంటి వెనక తీగలా ఉండే చూపునరం రెండో జాతిది, మెదడులో ముక్క. అందులో పది లక్షలకు పైగా పోగులు. మా మిల్లులో రింగ్ ఫ్రేము మీద పోగు తెగితే ఆడపిల్లలు రెండు వేళ్ళతో చిటికెలో అతికేసేవాళ్ళు. ఈ పోగులు తెగితే అతికేవాళ్ళు లేరు.

3. పొర అనుకుని కూర్చోవద్దు.

రిటైరై కొడుకు దగ్గరికి మదురై వచ్చాక, కీళమాసి వీధిలో ఎడమపక్క నిలబెట్టిన సైకిళ్ళకు తరచూ గుద్దుకునేవాణ్ణి. తిరుమల నాయకర్ మహల్ మెట్ల మీద రెండుసార్లు తూలాను. "పొరే కదా, ముదిరాక కోయించుకుందాం" అని రెండేళ్ళు నాన్చాను. ఆ తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

మా ఊళ్ళలో ఆ ధీమాకు కారణముంది. ఎట్టయాపురం దగ్గరి వడమలాపురంలో పుట్టిన డాక్టర్ వెంకటస్వామిగారు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినా కత్తి పట్టడం నేర్చుకుని, ఉద్యోగ విరమణ తరువాత 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. అప్పటినుంచి శుక్లం తీయించుకుని చూపుతో తిరిగొచ్చిన ముసలివాళ్ళు మా పక్క ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కంటి జబ్బంటే కోస్తే పోయేదని మాకు నమ్మకం కుదిరింది. శుక్లంలో మసకబారేది కటకం, మార్చేయొచ్చు. నాది నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం పోగులు ఒక్కొక్కటే చచ్చాయి, నొప్పి లేకుండా, అంచుల చూపుతో మొదలుపెట్టి.

పరీక్షలో గడ్డం ఆనించి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, వెలుగుచుక్క కనబడ్డప్పుడల్లా మీట నొక్కాలి. ఎడమకన్ను వంతు వచ్చింది. చాలాసేపు నొక్కలేదు. యంత్రం ఆగిపోయిందేమోనని అడిగాను. "నడుస్తోంది సార్" అంది ఆ అమ్మాయి.

4. తప్పు పోగుది కాదు.

నా కంటి నరం ఎందుకు పాకలేదన్నది మనవరాలు చెబితేనే తెలిసింది. స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త కహాల్ వందేళ్ళ కిందటే చూశాడు: మెదడులో తెగిన పోగు కూడా చిగురేస్తుంది, కాస్త సాగి కొస ఉబ్బి నిలిచిపోతుంది. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో ఎలుక కాలినరం ముక్కను మెదడు అడుగు నుంచి వెన్నుపాముకు వంతెనలా అతికారు. పెరగవనుకున్న పోగులే ఆ ముక్కలో సుమారు మూడు సెంటీమీటర్లు సాగాయి. అవతలికొసన మళ్ళీ వెన్నుపాము తగలగానే ఆగాయి. నాయకరాజుల కాలంలో ఇటు వలసొచ్చి పాతుకున్న మా తాతముత్తాతల్లాగే, నేల రానిస్తే వేరు దిగుతుంది.

రానివ్వని మెదడు నేలలో ఏముందో జూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ వెతికాడు. నరప్పోగుకు మైలిన్ అనే కొవ్వుతొడుగు ఉంటుంది. చేతినరంలో దాన్ని చుట్టేవి ష్వాన్ కణాలు. (ష్వాన్ వేరు, ష్వాబ్ వేరు. వారం రోజులు ఇద్దరినీ కలిపేసుకున్నాను.) పోగు తెగితే అవి పాత తొడుగు చెత్త ఊడ్చి కొత్త కొసకు దారి వేస్తాయి. మెదడులో తొడుగు చుట్టే కణాలు వేరు, చెత్త నెలల తరబడి అక్కడే పడివుంటుంది. ఆ తొడుగులోనే ఎదుగుదలను ఆపే ప్రోటీన్లున్నాయని 1988లో తేలింది. ముఖ్యమైనదాని జన్యువును 2000లో మూడు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. పేరు నోగో. ఇంగ్లీషులో 'పోవద్దు' అనే! పెరిగే కొస తడుముకుంటూ వచ్చి నోగోకు తగిలితే నత్త కొమ్ములా ముడుచుకుంటుంది. ఇదే పని చేసే ఇంకో రెండు ప్రోటీన్లూ, పోగు మీద నోగో అతుక్కునే గ్రాహకానికే అతుక్కుంటాయి. అది చాలనట్టు గాయం చుట్టూ కట్టే మచ్చ కూడా అడ్డమే.

5. కంచె ఊరికే వేయరు.

నాకు మొదట కోపమొచ్చింది, మన ఒంట్లో మనకే శత్రువేమిటని. ఎదిగిన మెదడులో కోట్ల పోగుల అల్లిక కుదురుకున్నాక ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు కొత్త దారులు వేస్తే నేసిన బట్ట నిలవదు. నోగో గ్రాహకం తీసేసిన ఎలుకల్లో, పెద్దయ్యాక కూడా, ఒక కన్ను మూస్తే మెదడు అల్లిక పిల్లల్లోలాగా మారిపోతోందని 2005లో చూశారు. కావలివాణ్ణి తీసేస్తే మంచీ చెడూ రెండూ లోపలికొస్తాయి.

6. పేపర్లో "విప్లవం" అని కనిపిస్తే తేదీ చూడండి.

నోగో లేకుండా పుట్టించిన ఎలుకల మీద 2003లో మూడు ప్రయోగశాలలు మూడు జవాబులిచ్చాయి: బాగా పెరిగింది, కొంచెం పెరిగింది, పెరగలేదు. 2008లో బోస్టన్‌లో పోగు లోపలుండే వేరే పగ్గం, పీటెన్ అనేదాన్ని తీస్తే ఎలుక చూపునరం పోగులు కొన్ని సాగాయి. వెన్నుపాము దెబ్బతిన్న మనుషులకు నోగోను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి ఐరోపాలో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా లేదు, కదలిక కొంత మిగిలినవాళ్ళలో మాత్రం ఆశ పుట్టించే జాడలున్నాయి. నా కంటికి ఇవేవీ ఇంకా మందులు కావు. ఎవరైనా డబ్బు తీసుకుని నరం మొలిపిస్తామంటే ఆ వీధిలోకి పోకండి.

7. చుక్కలమందు వేయడానికీ పద్ధతుంది.

రాత్రి తొమ్మిదికి ఒక్క చుక్క. మిగిలిన పోగుల్ని కాపాడే మందు ఇదే. వేసి కన్ను మూసి, ముక్కుపక్క మూలను రెండు నిమిషాలు నొక్కిపట్టాలి, లేకపోతే మందు గొంతులోకి జారుతుంది. కుడిచేత్తో సీసా పట్టుకుంటాను, ఎడమకంటి మూల నొక్కేది ఎడమచేతి చిటికెనవేలు. కొస దగ్గర ఇప్పటికీ కాస్త తిమ్మిరి ఉంది గానీ, మందు చల్లదనం దానికి తెలుస్తుంది.