అడవి ఎవరిది, పంది ఎవరిది?
(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: కందితో పాటు ఈసారి మక్క కూడా వేసినం. రాత్రయితే అడివిపందులు గుంపులుగ వచ్చి చేను తొక్కి పోతున్నయి. ఫారెస్టోళ్లను అడిగితే ‘అది కేంద్రం చట్టం, మా చేతుల ఏం లేదు’ అంటున్నరు. నిజమేనా?
- ఒక రైతు, తాండూరు మండలం

జవాబు: సగమే నిజం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది పార్లమెంటే. కానీ మీ చేనులో పందిని కాల్చడానికి అనుమతి ఇవ్వాల్సింది మాత్రం రాష్ట్ర అధికారులే. ఆ చట్టంలోని 11వ సెక్షన్ చూడండి. రెండో షెడ్యూల్లోని జంతువు మనుషుల ప్రాణాలకో, ఆస్తికో ప్రమాదంగా మారితే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన వారు గానీ కారణాలు రాసి వేటకు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆస్తి అంటే నిలిచి ఉన్న పంట కూడా అని ఆ సెక్షనే చెబుతోంది. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది కాబట్టి దానికీ ఇది వర్తిస్తుంది.

మీకు జవాబిచ్చినాయన మనసులో ఉన్నది బహుశా 62వ సెక్షన్. ఒక జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి ‘హానికర జంతువు’గా ప్రకటించే అధికారం ఢిల్లీకే ఉంది. 2016 ప్రాంతంలో బిహార్, ఉత్తరాఖండ్‌లలో అడవిపందులపై అలా ప్రకటించారు. కేరళ ఎన్నిసార్లు అడిగినా కేంద్రం ఒప్పుకోలేదు. మీకు ఆ ప్రకటనతో పని లేదు. మీ చేను వరకు 11వ సెక్షన్ చాలు.

పైగా పంట పాడుచేస్తున్న పందుల విషయంలో తెలంగాణ ప్రభుత్వం 2021లోనే సర్పంచులకు బాధ్యత అప్పగిస్తూ ఉత్తర్వులిచ్చింది. కాల్చేది మాత్రం అటవీశాఖ జాబితాలో ఉన్న షూటర్లే. అంటే పక్కింటాయన నాటు తుపాకీ పనికిరాదు. మీకే తుపాకీ లైసెన్సు ఉన్నా, అది ఆయుధం దగ్గర పెట్టుకోవడానికే తప్ప పందిని కాల్చడానికి అనుమతి కాదు.

సర్వే నంబరు, పంట, నష్టం జరిగిన తేదీ, ఫొటోలతో దరఖాస్తు రాసి రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. పరిహారానికీ అక్కడే అడగండి. ఒక ప్రతి పంచాయతీకి, మరొకటి వ్యవసాయాధికారికి ఇచ్చి, మీ దగ్గరుండే ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నోటి మాటతో అడిగితే నోటి మాటే తిరిగొస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. చేను చుట్టూ కరెంటు తీగ కట్టొద్దు. పందికి పెట్టిన తీగకు నీళ్లు పెట్టడానికి పోయిన రైతులే బలైన ఊళ్లు మన రాష్ట్రంలో చాలా ఉన్నాయి. మనిషి చస్తే జైలు, పంది చచ్చినా కేసే. కంచె కావాలంటే సోలార్‌ది పెట్టుకోండి.

ప్రశ్న: అనుమతితో కాల్చిన పందినైనా ఊళ్లో పంచుకోవచ్చా?
- పేరు వద్దన్న పాఠకుడు, బషీరాబాద్

జవాబు: పంచుకోకూడదు. 39వ సెక్షన్ ప్రకారం ఆ కళేబరం రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. కేంద్రం ప్రకటించిన అభయారణ్యంలో వేటాడినదైతే కేంద్రం ఆస్తి. చచ్చిన పందికి కూడా చట్టం యజమానిని చూపించింది! అటవీ సిబ్బంది ముందు పూడ్చిపెట్టాల్సిందే.

ప్రశ్న: మా తాతల నుంచి దామగుండం అడివిల మేకలు మేపుతున్నం. ఇప్పుడది నేవీ వాళ్లదంటున్నరు. రాష్ట్రం అడివిని కేంద్రం ఎట్ల తీసుకుంటది? మేం ఎవరిని అడగాలె?
- ఒక మేకల కాపరి, పూడూరు మండలం

జవాబు: మీ కోపం ఢిల్లీ మీదా, హైదరాబాద్ మీదా అన్నది తేల్చుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రాజ్యాంగం మొదట అడవులను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. 1976లో 42వ సవరణ అడవులనూ, వన్యప్రాణులనూ ఉమ్మడి జాబితాలోకి మార్చింది. 1980లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టంతో, కేంద్రం ముందుగా ఒప్పుకోనిదే ఏ రాష్ట్రమూ అటవీ భూమిని వేరే పనికి ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. అడవి కాపలా రాష్ట్రానిదే, తాళంచెవి మాత్రం ఇద్దరి దగ్గరా ఉంటుంది.

దామగుండంలో ఇద్దరూ తాళం తీశారు. జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రం కోసం దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి నౌకాదళానికి వెళ్లింది. తమిళనాడులోని తిరునెల్వేలి కేంద్రం తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేస్తే, వేదిక మీద ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా ఉన్నారు. కాబట్టి ‘మాది కాదు, వాళ్లది’ అని ఏ ప్రభుత్వం అన్నా నమ్మకండి. దేశ రక్షణకు అలాంటి కేంద్రం అవసరమే కావచ్చు. అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ పరీవాహకంలోనే అంత అడవిని ఇవ్వాలా అన్న ప్రశ్నకు మాత్రం నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

మీరు చేయగలిగింది ఇది. 2006 అటవీ హక్కుల చట్టం మేపుకొనే హక్కునూ, చిన్నతరహా అటవీ ఫలసాయం ఏరుకొనే హక్కునూ గుర్తిస్తుంది. గిరిజనులు కానివారైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ బతికినట్టు చూపాలి. ‘మా తాతల నుంచి’ అన్న మీ మాటకు రుజువులు కావాలన్నమాట. క్లెయిము మొదలయ్యేది గ్రామసభలో, తుది నిర్ణయం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీది. వేట హక్కును మాత్రం ఆ చట్టం స్పష్టంగా మినహాయించింది. ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పటికే అప్పగించిన భూమి మీద మేత హక్కు సాధించడం కష్టం. తేలికని చెప్పి మిమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పలేను. కానీ అటవీ భూమిని ఇస్తూ కేంద్రం పెట్టిన షరతులేమిటో సమాచార హక్కు కింద జిల్లా అటవీ అధికారి నుంచి తీసుకోండి. దామగుండంలోని రామలింగేశ్వరస్వామి గుడికి దారి మూయబోమన్న హామీ అందులో రాతపూర్వకంగా ఉందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: మా అల్లుడు అమెరికాలో లైసెన్సు తీసుకుని ప్రభుత్వ అడవిలోనే జింకను వేటాడాడు. మన దగ్గర ఎందుకు కుదరదు?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, వికారాబాద్

జవాబు: అక్కడి పద్ధతి వేరు. పశ్చిమ రాష్ట్రాల్లో విస్తారమైన భూములు ఫెడరల్ ప్రభుత్వానివి, వాటి మీద తిరిగే జింకకు లైసెన్సు ఇచ్చేది మాత్రం చాలావరకు రాష్ట్రం. ఆ భూములు రాష్ట్రాలకు ఇచ్చేయాలా, ఇస్తే అమ్ముకుని వేటగాళ్లకు దారి మూసేస్తాయా అని అక్కడ ఎప్పుడూ తగువే. మన చట్టంలోనూ మొదట్లో వేట లైసెన్సులు ఉండేవి, 1991 సవరణతో తీసేశారు. ఎన్‌కతల గడ్డిభూముల్లో కృష్ణజింకను చూసి మీ అల్లుడు తుపాకీ ఎత్తితే మూడేళ్లకు తక్కువ కాకుండా శిక్ష పడుతుంది. ఈసారి వచ్చినప్పుడు కెమెరా తెచ్చుకోమనండి.